మంచి నాయకుడు చెడ్డవాడైతే మనకు అంత కోపం ఎందుకు?

ప్రశ్న: నేను కావలిలో డిగ్రీ చదువుతున్నాను. సూపర్ హీరోల సినిమాలన్నా, బొమ్మల కథలన్నా నాకూ మా చెల్లెలికీ ప్రాణం. 2022లో డాక్టర్ స్ట్రేంజ్ రెండో సినిమాను నెల్లూరు వెళ్ళి చూశాం. అందులో మంత్రశక్తులున్న నాయిక వాండాను హంతకురాలిగా మార్చేశారని మా చెల్లెలు ఆ సినిమాలు చూడడమే మానేసింది. "లేని మనిషి కోసం ఇంత బాధా?" అని మా నాన్నగారు నవ్వుతారు. ఇప్పుడు నేనూ నా స్నేహితుడూ కలిసి ఒక బొమ్మల కథ తయారుచేస్తున్నాం. జువ్వలదిన్నె దగ్గరి ఒక పల్లెలో సముద్రాన్ని శాసించే శక్తి వచ్చిన యువకుడు అందులో నాయకుడు. తమిళనాడు నుంచి వచ్చే పెద్ద ఇంజను పడవలైన సోనా బోట్ల బారి నుంచి చిన్న పడవల వలలను కాపాడుతుంటాడు. పదో భాగంలో ఆకాశం నుంచి పడిన ఒక రాయి ప్రభావంతో దుర్మార్గుడవుతాడు. తొమ్మిది భాగాల వరకు మెచ్చుకున్న మిత్రులందరూ పదోది చదివి కథ చెడగొట్టావన్నారు. మా కోపం పసితనమా? నా కథలో లోపం ఎక్కడుంది? రెండో సంపుటంలో అతణ్ణి తిరిగి మంచివాడిగా చూపించవచ్చా?

సమాధానం: మీరు ఉత్తరంతో పాటు పంపిన పది భాగాలూ చదివాను. వాటి సంగతి తరువాత చెబుతాను. ముందుగా మీ నాన్నగారి మాటకు సమాధానం చెప్పాలి, ఎందుకంటే ఆయన అడిగినది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. వాండా లేని మనిషే. అయితే ఆమె కోసం మీ చెల్లెలు వెచ్చించిన సంవత్సరాలు లేనివి కావు. ఒక పాత్ర ఎలా ఆలోచిస్తుందో, దేనికి నొచ్చుకుంటుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవడానికి పాఠకుడు తన మనసును పెట్టుబడిగా పెడతాడు, అలా పెట్టమని అడిగింది కూడా కథ చెప్పేవాళ్ళే. ఆ తెలిసినదంతా ఒక్క పూటలో అబద్ధమని అదే కథకుడు చెప్పినప్పుడు కోపం రావడం పసితనం కాదు, శ్రద్ధగా చదివినందుకు గుర్తు.

పైగా సూపర్ హీరో కథలో ఈ కోపానికి మామూలు కథలలో లేని ఒక కారణం ఉంది. 1938లో సూపర్‌మ్యాన్ మొదటిసారి అచ్చయిన సంచిక ముఖచిత్రం మీద అతడు ఒక కారును రెండు చేతులతో పైకెత్తి ఉంటాడు. అంత బలమున్న మనిషి మన వీధిలోకి వస్తే మనం సంతోషించం, తలుపులు వేసుకుంటాం. ఆ బొమ్మను చూసి పిల్లలు భయపడకుండా సంతోషించారంటే, ఈ బలం మన మీదికి రాదన్న హామీ ఒకటి కథలో లోపల ఉన్నందువల్లనే. ఈ జాతి కథలకు పునాది బలం కాదు, ఆ హామీ. మామూలు నవలలో నాయకుడు అబద్ధమాడినా, అప్పు ఎగ్గొట్టినా అతడి స్వభావంలో ఒక ముక్క మారినట్టు అనుకుంటాం. సూపర్ హీరో చెడ్డవాడైతే ఇన్నాళ్ళూ ఏ నమ్మకంతో అతడి బలాన్ని చూసి ఆనందించామో ఆ నమ్మకమే పోతుంది, దానితో పాటు వెనకటి సంచికలలో మనం పొందిన ఆనందం కూడా అనుమానాస్పదమవుతుంది.

ఇలా అన్నంత మాత్రాన చెడ్డ పాత్రలంటే మనకు గిట్టదని కాదు. 1961లో రావణుడిగా, 1977లో దుర్యోధనుడిగా నందమూరి తారక రామారావును తెలుగువారు ఎంత ఇష్టంగా చూశారో, మన జిల్లాల తిరణాళ్ళలో పద్యనాటకం ఆడితే దుర్యోధనుడి పద్యానికి ఎన్నిసార్లు వన్స్‌మోర్ కొట్టారో మీ నాన్నగారినే అడగండి. అయితే రావణుడు మనకు ఏ మాటా ఇచ్చి తప్పలేదు, మొదటి రంగం నుంచీ రావణుడే. అమెరికా కథలలోనూ ఇదే జరిగింది. హోమ్‌లాండర్ అనే పాత్ర సూపర్‌మ్యాన్‌ను తలపించే దుస్తులు వేసుకుని ఘోరాలు చేస్తాడు, ఆమ్నీ మ్యాన్ అనే మరొకడు 2021 నాటి ఇన్విన్సిబుల్ ధారావాహికలో మొదటి ఎపిసోడ్ చివరలోనే తోటి వీరులను చంపుతాడు. ఆ రెండు పాత్రలనూ ప్రేక్షకులు ఆసక్తిగా చూశారే తప్ప మోసపోయామని అనుకోలేదు. 2013లో వచ్చిన ఒక వీడియో గేమ్‌లో జోకర్ అనే దుర్మార్గుడు పన్నిన కుట్రకు లోనై సూపర్‌మ్యాన్ తన భార్యను తన చేతులతోనే చంపుకుని, ఆ తరువాత నియంతగా మారతాడు. దానినీ అభిమానులు ఆదరించారు, ఎందుకంటే అది వేరే లోకంలో జరిగే కథ అని ముందే చెప్పారు, తమ సూపర్‌మ్యాన్ తమకు మిగిలే ఉన్నాడు.

ఇక అభిమానులు ఏళ్ళ తరబడి క్షమించని ఉదాహరణకు వద్దాం. దీనిని కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే మీ పదో భాగంలోని లోపం దాదాపు పూర్తిగా ఇందులో కనిపిస్తుంది. గ్రీన్ లాంటర్న్ పాత్రలో హాల్ జోర్డాన్ 1959లో మొదలయ్యాడు. పచ్చని ఉంగరం ధరించి, మనోబలంతో దేనినైనా సృష్టించగల విమానచోదకుడు అతడు, భయాన్ని జయించగలడన్న కారణంతోనే ఆ ఉంగరం అతణ్ణి వరించింది. 1993 నాటి సూపర్‌మ్యాన్ కథలలో అతడి సొంత ఊరు కోస్ట్ సిటీ 70 లక్షల మందితో సహా భస్మమైంది. 1994 ఆరంభంలో, అంతకు ముందు అనుకున్న కథను పక్కన పెట్టి, మూడంటే మూడు సంచికలలో హాల్‌ను చెడగొట్టారు. చచ్చిపోయిన ఊరిని ఉంగరంతో తిరిగి సృష్టించబోతాడు, ఉంగరాన్ని ఇచ్చిన పెద్దలు అడ్డుపడతారు, ఆగ్రహించి వాళ్ళ లోకానికి బయలుదేరి దారిలో ఎదురైన, అలాంటి ఉంగరాలే ఉన్న తోటి వీరులను కొట్టి ఉంగరాలు లాక్కుంటాడు, చివరకు చిరకాల మిత్రుడు కిలోవాగ్‌ను చంపి, శక్తినంతటినీ మింగి పారలాక్స్ అనే దుష్టుడు అవుతాడు.

ఇందులో మూలకారణం బలహీనమైనదని నేననను. ఊరు ఊరంతా పోయినవాడి దుఃఖం కంటే బలమైన కారణం ఏముంటుంది? ఆ మూడింటిలో మొదటి సంచికలో అతడు ఉంగరంతో చనిపోయిన తల్లిదండ్రులను ఎదుట నిలుపుకుని మాట్లాడే ఘట్టాన్ని నేను ఇప్పటికీ మంచి రచన అనే అంటాను. లోపం ఆ తరువాత దూరాన్ని దాటించిన వేగంలో ఉంది. దుఃఖించేవాడు మిత్రుణ్ణి చంపేవాడయ్యే లోపల ఎన్నో మెట్లు ఉంటాయి. ఒక మెట్టు మీద అతడు తనకు తాను ఏమి చెప్పుకున్నాడు, ఇంకొక మెట్టు మీద ఎవరు ఆపబోయారు, ఆ ఆపినవాడి మాట ఎందుకు నచ్చలేదు అన్నవేవీ మనకు చూపించలేదు. 35 ఏళ్ళు కట్టిన మనిషిని మూడు నెలలలో పడగొట్టారు. పైగా భయాన్ని జయించడం అన్న అతడి అసలు గుణానికీ ఈ పతనానికీ ఏ సంబంధమూ లేదు. ఆ స్థానంలో దుఃఖమూ కోపమూ ఉన్న ఏ వీరుణ్ణి నిలబెట్టినా కథ అక్షరం మారకుండా నడిచిపోతుంది. అభిమానులు ఒక సంఘంగా ఏర్పడి ఏళ్ళ తరబడి పోరాడడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. వాళ్ళ నాయకుడు చెడిపోయినందుకు కాదు, చెడిపోయినవాడు తమ నాయకుడిలా లేనందుకు.

రెండవ దెబ్బ తరువాత వచ్చింది, నా దృష్టిలో అదే పెద్దది. 1996లో ఆరిపోతున్న సూర్యుణ్ణి తిరిగి వెలిగిస్తూ హాల్ ప్రాణాలు వదిలేశాడు, అది కొంత గౌరవంగానే ఉంది. కానీ 2004లో మొదలైన కొత్త కథలో అసలు రహస్యమంటూ ఒకటి బయటపెట్టారు. పారలాక్స్ అన్నది హాల్ కాదట, అనాదిగా ఉన్న భయం అనే పసుపు రంగు జీవి అతడి లోపలికి చొరబడి ఆ పనులన్నీ చేయించిందట. అభిమానులలో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు, నాయకుడు తిరిగి వచ్చాడు, ఆ తరువాత వచ్చిన కథలలో మంచివీ ఉన్నాయి. అయినా ఒకసారి ఆలోచించండి. చేసినదంతా లోపల దూరిన పురుగు అయితే, ఊరు పోగొట్టుకున్న మనిషి దుఃఖానికి ఇక ఆ కథలో పని ఏముంది? మొదట మన నమ్మకాన్ని తీసుకున్నారు, ఆ తరువాత మన బాధను కూడా తీసుకున్నారు. పాఠకుడు రెండుసార్లు నష్టపోయాడు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ఈ పాత్రలు ఎవరి ఆస్తో గుర్తుంచుకోవాలి. ఆ పాత్రలకు యజమాని రచయిత కాదు, సంస్థ. బొమ్మలు, చొక్కాలు, సినిమాలు అన్నీ ఆ నాయకుడి మంచితనం మీదనే అమ్ముడవుతాయి కనుక అతడు శాశ్వతంగా చెడ్డవాడిగా ఉండడానికి వీలులేదు, తిరిగి రావలసిందే. తిరిగి రావాలంటే పాపం అతడి ఖాతాలో ఉండకూడదు. అందుకని మనసును వశపరచుకున్న మాయ, మార్చివేసిన గతం, వేషం వేసుకున్న మరొకడు, ఇంకొక లోకం నుంచి వచ్చిన ప్రతిరూపం అంటూ ఏదో ఒక మినహాయింపును కథలో ముందుగానో తరువాతనో అమర్చుకుంటారు. పతనం నిజమైతే సంస్థకు నష్టం, అబద్ధమైతే పాఠకుడికి నష్టం, ఈ రెండింటిలో ఎవరి నష్టానికి మొగ్గుతారో చెప్పనక్కరలేదు.

2016 మే నెలలో వచ్చిన కెప్టెన్ అమెరికా కొత్త సంచిక చివరి పుటలో అతడు తాను హైడ్రా మనిషినని ప్రకటించాడు. హైడ్రా అంటే పాఠకుల మనసులో నాజీలతో ముడిపడిన దుష్ట సంస్థ. ఆ పాత్రను సృష్టించిన జో సైమన్, జాక్ కిర్బీ ఇద్దరూ యూదు కుటుంబాలలో పుట్టినవారు, 1941 మార్చి తేదీ వేసిన మొదటి సంచిక ముఖచిత్రం మీదనే అతడి చేత హిట్లర్ దవడ పగలగొట్టించినవారు, అప్పటికి అమెరికా యుద్ధంలోకి దిగనైనా లేదు. ఆ చరిత్ర తెలిసినవారికి ఆ చివరి పుట ఎంత కష్టం కలిగించిందో ఊహించవచ్చు. వివరణ రెండో నెలకే వచ్చింది. విశ్వశక్తి ఒక చిన్నపిల్ల రూపంలో ఉండి అతడి గతాన్నే తిరగరాసిందన్నారు. 2017లో నెలల తరబడి నడిచిన కథ ముగింపులో అసలు కెప్టెన్ ప్రత్యక్షమై నకిలీని ఓడించాడు. ఆ మనిషి విలువలను, అంటే దేశభక్తినో, క్రమశిక్షణనో, తాను సరి అన్న పట్టుదలనో వంచి నియంతృత్వం వైపు నడిపించి ఉంటే ఎంత భయంకరమైన, ఎంత విలువైన కథ అయి ఉండేది! గతాన్ని మార్చడంతో కెప్టెన్ గురించి మనకు కొత్తగా తెలిసినది ఏమీ లేకుండా పోయింది.

ఇంకొక ముచ్చట చెప్పి ముందుకు వెళతాను. 1991లో ఒక ప్రచురణ సంస్థ, తన వీరులలో ఒకడు భవిష్యత్తులో మోనార్క్ అనే నియంత అవుతాడని, ఎవరో కనిపెట్టమని పాఠకులను ఊరిస్తూ కథ నడిపింది. అది కెప్టెన్ ఆటమ్ అని అనుకుని రాశారు, రహస్యం ముందే బయటికి పొక్కింది, దానితో చివరి నిమిషంలో ఆ నేరాన్ని హాక్ అనే మరొక వీరుడికి అంటగట్టారు. ముందు సంచికలలో వేసిన ఆధారాలు ఒకరిని చూపిస్తుంటే ముగింపు మరొకరిని చూపించింది. ఏ మనిషైనా సరే, చెడిపోతే చాలు అనుకునే ధోరణికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

సరిగ్గా రాసిన కథ లేదా అంటే ఉంది, 1980లో ఎక్స్‌మెన్ అనే వీరుల బృందం పత్రికలో క్రిస్ క్లేర్‌మాంట్ రచన, జాన్ బర్న్ చిత్రాలతో వచ్చిన, ఆ బృందంలోని జీన్ గ్రే పతనం. ఆమెకు ఫీనిక్స్ అనే అపారమైన శక్తి అంతకు నాలుగేళ్ళ క్రితమే వచ్చింది. ఆ శక్తిని వాడుతున్నప్పుడు ఆమెకు కలిగే ఆనందాన్ని, ఆ ఆనందం పెరుగుతూ పోవడాన్ని పాఠకులు కొంచెం కొంచెంగా చూస్తూ వచ్చారు. ఒక మాయావి ఆమె మనసుతో ఆటలాడిన మాట నిజమే, కానీ అతడు తెరిచింది ఆమెలో అప్పటికే ఉన్న తలుపును. ఆకలి తీర్చుకోవడానికి ఆమె ఒక నక్షత్రాన్ని మింగేస్తుంది, దాని చుట్టూ తిరిగే గ్రహం మీద కోట్లాది ప్రాణులు నశిస్తాయి. రచయితలు మొదట ఆమె శక్తిని తీసివేసి ప్రాణాలతో వదిలేద్దామనుకున్నారు. అంత మందిని చంపినదానికి అంత తేలిక శిక్ష కుదరదని సంపాదకుడు జిమ్ షూటర్ పట్టుబట్టడంతో ముగింపు మారింది. చంద్రుడి మీద జరిగిన ఆఖరి యుద్ధంలో, తాను మళ్ళీ అదుపు తప్పక ముందే జీన్ తన ప్రాణాలు తానే తీసుకుంటుంది. పాఠకులు ఏడ్చారు, కానీ మోసపోయామనలేదు. అయితే 1986లో పాత ఎక్స్‌మెన్ అయిదుగురితో కొత్త పత్రిక పెట్టాలనుకున్నప్పుడు జీన్ అవసరమైంది. అసలు జీన్ సముద్రం అడుగున నిద్రలో ఉందని, నక్షత్రాన్ని మింగింది ఆమె రూపం ధరించిన శక్తి మాత్రమేనని తేల్చారు. ఆ మినహాయింపు గుర్తుకు రాకుండా 1980 నాటి సంచికలను చదవడం ఇప్పుడు ఎవరికైనా కష్టమే.

ఇదే కథను సినిమాగా 2006లో ఒకసారి, 2019లో మరొకసారి తీశారు, రెండుసార్లూ నిరాశే మిగిలింది. 2019 నాటి సినిమాలో జీన్ పాత్ర వేసిన నటిని ప్రేక్షకులు అంతకు ముందు ఆ పాత్రలో ఒకే ఒక్క సినిమాలో చూశారు. పరిచయం కూడా సరిగా లేని మనిషి పతనమైతే మనకు ఏమి పోతుంది?

మీ చెల్లెలి ఫిర్యాదు మాత్రం దీనికి తలకిందులు. వాండాతో ఆమెకు పరిచయం చాలినంత ఉంది, అందుకే ఫిర్యాదు. 2021 నాటి వాండావిజన్ ధారావాహికలో వాండా తన దుఃఖంతో ఒక ఊరి జనాన్నంతా బంధించి, చివరకు చేస్తున్నది తప్పని గ్రహించి, మంత్రంతో పుట్టించుకున్న బిడ్డలను, ఇంటిని తానే వదులుకుంటుంది. అది చాలా పెద్ద త్యాగం. తరువాతి సినిమా మొదలయ్యేసరికి ఆమె అదే బిడ్డల కోసం ఒక అమ్మాయి ప్రాణాలు తీయడానికి సిద్ధపడి ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఏమి జరిగిందంటే, ధారావాహిక ఆఖరున కొన్ని క్షణాల పాటు కనిపించిన ఒక దుష్ట గ్రంథం ఆమె మనసును చెరిచిందన్నారు. మార్పు జరిగిన చోటు మనకు కనిపించని చోటు. తల్లి ప్రేమే వక్రించి హంతకిని చేయడం అన్న ఆలోచన మంచిదే, హాల్ కథ కంటే ఎంతో మేలైనది కూడా. ఒకసారి నేర్చుకున్న పాఠాన్ని ఆమె ఎలా మరచిపోయిందో చూపకుండా దాటవేయడం వల్ల, ఆ త్యాగాన్ని నమ్మిన ప్రేక్షకురాలే అందరి కంటే ఎక్కువ నష్టపోయింది. మీ చెల్లెలి కోపం న్యాయమైనదేనని నా మాటగా చెప్పండి. ఆ నటి అభినయాన్ని మాత్రం తప్పుపట్టవద్దని కూడా చెప్పండి.

మీరు నెల్లూరు జిల్లావారు కనుక, ఈ పని ఎలా చేయాలో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. పెన్న ఒడ్డున కూర్చుని తిక్కన తెలుగు చేసిన 15 పర్వాలలో సౌప్తిక పర్వం ఒకటి. అశ్వత్థామ అప్పటికి మహావీరుడే గాని నిద్రపోతున్నవారిని చంపేవాడు కాదు. తండ్రిని మోసంతో చంపారు, రాజును తొడ విరగగొట్టి పడవేశారు. ఆ రాత్రి మర్రిచెట్టు కింద నిద్ర పట్టక పడి ఉన్నవాడికి, ఒక గుడ్లగూబ వచ్చి నిద్రలో ఉన్న కాకులను చంపడం కనిపిస్తుంది. ఆలోచన అక్కడ పుడుతుంది, కానీ గుడ్లగూబ అతడి మనసును మార్చలేదు, దారి మాత్రం చూపింది. మేనమామ కృపాచార్యుడిని నిద్రలేపి చెబుతాడు. కృపుడు వద్దంటాడు, తెల్లవారనిమ్మంటాడు, ధృతరాష్ట్రుణ్ణి, గాంధారిని, విదురుణ్ణి అడిగి చేద్దామంటాడు. అశ్వత్థామ ఇచ్చే సమాధానాన్ని కొట్టిపారేయలేము, ధర్మాన్ని ముందు తెగ్గొట్టింది వాళ్ళే కదా అంటాడు. ఇది పాపమని అతడికి తెలుసు, తండ్రిని చంపినవారిని చంపినందుకు పురుగై పుట్టినా సరేనంటాడు. తరువాత జరిగిన ఘోరం మీకు తెలిసినదే. తల మీది మణిని పోగొట్టుకుని మూడు వేల ఏళ్ళు ఒంటరిగా తిరగమన్న శాపాన్ని మోస్తూ వెళ్ళిపోతాడు, ఆ తరువాత ఏ పర్వంలోనూ అతడు చేసింది అతడు కాదని ఎవరూ అనరు. పితృభక్తి, స్వామిభక్తి అన్న అతడి గుణాలే అతణ్ణి అక్కడికి నడిపించాయి. మధ్యలో వద్దన్నవాడున్నాడు, వద్దన్న మాటకు బదులున్నది, చేసినదానికి ఫలితం నిలిచింది.

ఇప్పుడు మీ కథకు వస్తాను. ఆ ఆకాశరాయిని తీసివేయండి. మీ మిత్రులకు నచ్చనిది నాయకుడి పతనం కాదు, ఆ రాయి. మీ తొమ్మిది భాగాలలో పతనానికి కావలసిన సామగ్రి అంతా మీకు తెలియకుండానే సిద్ధమై ఉన్నది. మూడో భాగంలో గాలివానకు తిరగబడిన సోనా బోటు నుంచి ఆ తమిళ కూలీలను అతడే ఒడ్డుకు చేర్చి, తన తల్లి చేత అన్నం పెట్టిస్తాడు. మీ కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం అది. తన ఊరివాళ్ళ వలలను తెంపినవారికే అన్నం పెట్టిన ఆ చేతులు పదో భాగంలో ఇంకొక బోటును ముంచాలి, అదీ రాయి వల్ల కాకుండా, తన ఊరివాళ్ళను కాపాడాలన్న ఆ పాత తపన వల్లనే. ఆ రెండు ఘట్టాలకూ ఒకే సముద్రం, ఒకే గాలి ఉండనివ్వండి.

మధ్యలో మెట్లు కావాలి. ఆరో భాగంలో బోటును లాక్కుని వచ్చి మత్స్యశాఖ వారికి అప్పగిస్తాడు కదా, అది మొదటి మెట్టు. అక్కడ జరిమానా కట్టించుకుని వదిలేశారని, తెగిన వలలకు మాత్రం పరిహారం రాలేదని ఒక పుట చేర్చండి, ఆ తరువాత అతడి కోపానికి పాఠకుడు తల ఊపుతాడు. రెండో మెట్టుకు వేట నిషేధ కాలాన్ని వాడుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజను పడవలన్నీ ఒడ్డున ఉంటాయి. ఆ రోజులలో పడవ లేకుండా సముద్రంలోకి వెళ్ళగలిగినవాడు మీ నాయకుడొక్కడే. మొదటి వారం చేపలు తెచ్చి అందరికీ సమానంగా పంచుతాడు, ఊరంతా దీవిస్తుంది. మూడో వారానికి ఎవరికి ఎంత ఇవ్వాలో తాను నిర్ణయించడం మొదలుపెడతాడు. తన మీద పెద్దల దగ్గర ఫిర్యాదు చేసిన ఇంటికి ఒక రోజు బుట్ట వెళ్ళదు. అంతే, అంతకంటే ఏమీ జరగనక్కరలేదు. బోటు ముంచడం కంటే ఆ వెళ్ళని బుట్ట దగ్గర పాఠకుడు ఎక్కువ ఉలిక్కిపడతాడు, ఎందుకంటే తప్పు అప్పటికింకా చిన్నది, దానికి కారణమూ ఉంది.

వద్దనేవాడు ఒకడుండాలి, అతడు తెలివితక్కువవాడు కాకూడదు. మీ కథలో నాయకుడి మేనమామ ఇప్పుడు నవ్వించడానికి మాత్రమే వస్తున్నాడు, ఆ బాధ్యత ఆయనకు అప్పగించండి. "ఆ పడవలో ఉండేది కూలికొచ్చినోళ్ళు రా, ఓనరు కడలూరులో ఇంట్లో నిద్రపోతుంటాడు" అన్న ఒక్క మాట ఆయన చేత అనిపిస్తే చాలు. దానికి నాయకుడు ఇచ్చే బదులు మీకే కాదనడానికి కష్టంగా ఉండేటట్టు రాయండి. సులువుగా ఖండించగలిగే బదులు అతడి చేత చెప్పిస్తే అతడు మళ్ళీ రాయి తగిలినవాడే అవుతాడు. మీ స్నేహితుడి బొమ్మల గురించి ఒక్క సూచన: పదో భాగంలో నాయకుడి కళ్ళు ఎర్రగా మారడం, ముఖం మీద నీడలు పరుచుకోవడం వద్దు. మూడో భాగంలో అన్నం వడ్డించినప్పటి ముఖాన్నే బోటు ముంచేటప్పుడూ గీయమనండి.

చివరగా రెండో సంపుటం సంగతి. అతణ్ణి తిరిగి మంచివాడిగా చూపించవచ్చా అని అడిగారు. చూపించవచ్చు, కానీ చేసినదానిని చెరిపివేయడానికి వీలులేదు. ఈ విషయంలో మీకు అమెరికా రచయితలకు లేని స్వేచ్ఛ ఉంది. మీ నాయకుడు ఏ సంస్థకూ ఆస్తి కాడు, అతడు మంచివాడిగా తిరిగి రాకపోతే మీకు అమ్ముకోవలసిన చొక్కాలు మిగిలిపోవు. అతడు పశ్చాత్తాపపడవచ్చు, ఇంకొక గాలివానలో వంద మందిని కాపాడవచ్చు, అయినా మునిగిన ఆ బోటులో పోయినవారు పోయినట్టే ఉండాలి, ఊరిలో కొందరు అతడితో మాట్లాడకుండానే ఉండాలి. రెండో సంపుటాన్ని నాయకుడి వైపు నుంచి కాకుండా, మూడో భాగంలో అతడింట అన్నం తిని, పదో భాగంలో ఇంకొక బోటు ఎక్కి వచ్చి ప్రాణాలతో బయటపడిన ఒక కూలీ వైపు నుంచి మొదలుపెట్టి చూడండి. నాయకుడు రెండు రకాలుగానూ తెలిసిన మనిషి కథలో ఆ కూలీ ఒక్కడే. మీరు పంపిన ప్రతిలో ఆ కూలీలలో ఎవరికీ పేర్లు లేవు. పదో భాగాన్ని తిరగరాయడానికి ముందే ఇతడికి ఒక పేరు పెట్టి, మూడో భాగంలోని ఆ భోజనం దగ్గర రెండు మాటలు మాట్లాడించండి.